ఒక్క ఎలెక్ట్రాను

ఉప్పులో క్లోరిన్ కలదని తరగతిలో వినిన బాలుడు, ఆ విషవాయువును మనము దినదినము ఎట్లు తినుచున్నామని అడుగక మానడు. అడుగవలసిన ప్రశ్నయే. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని ఈప్ర్ పట్టణము చెంత జర్మను సైన్యము గాలిలోనికి విడిచినది ఈ క్లోరినునే. కందకములలోని సైనికులు ఊపిరాడక మరణించిరి. మన చారులోని ఉప్పునందున్నదియు ఆ మూలకమే. భేదమెల్ల ఒక్క ఎలెక్ట్రానులో నున్నది.

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ మొదలగువానిని హాలోజనులందురు. లవణములను పుట్టించునవి యని అర్థము. వీని పరమాణువుల వెలుపలి కక్ష్యలో 7 ఎలెక్ట్రానులుండును. ఇంకొకటి చేరినచో ఆ కక్ష్య నిండును. క్లోరిన్ పరమాణువునకు 17 ఎలెక్ట్రానులు, కేంద్రకమున 17 ధనావేశములు. 18వ ఎలెక్ట్రాను చేరగానే ఒక ఋణావేశము మిగులును. అదియే క్లోరైడు అయాను. కేంద్రకము మారలేదు, స్వభావము మారినది.

సోడియము ఆ ఎలెక్ట్రానును సంతోషముతో దానము చేయునని కొందరు బోధింతురు. వినుటకు ఇంపుగా నుండును గాని లెక్కకు నిలువదు. 23 గ్రాముల సోడియము ఆవిరినుండి, పరమాణువునకు ఒకటి చొప్పున ఎలెక్ట్రానులను పెరుకుటకు 496 కిలోజౌళ్ల శక్తి కావలెను. వానిని గ్రహించి క్లోరిన్ పరమాణువులు విడుదల చేయునది 349 మాత్రమే. మరి ఆ లోటు తీరునదెట్లు? ఒక్కొక్క అయాను చుట్టును వ్యతిరేకావేశము గలవి ఆరేసి చేరి స్ఫటికముగా కుదురుకొనునపుడు 787 కిలోజౌళ్లు వెలువడును. సోడియమును ఆవిరి చేయుటకు, క్లోరిన్ అణువులను విడదీయుటకు అగు వ్యయము కూడ తీసివేసినను ఇంకను 411 మిగులును. ఉప్పు దానమువలన గాక కూడికవలన పుట్టినది.

ఫ్లోరిన్ మాట మరియు చిత్రము. ఎలెక్ట్రానును గ్రహించి అది విడుదల చేయునది 328. క్లోరిన్ కంటె తక్కువ! చిన్న పరమాణువగుటచే, ఇరుకింటికి వచ్చిన చుట్టమువలె క్రొత్త ఎలెక్ట్రాను తక్కినవానితో ఒరసికొనును. అయినను ఫ్లోరిన్ అణువులోని బంధము బలహీనము. దాని అయాను చిన్నది గనుక ఆకర్షణ గట్టిది. అందుచే రసాయనచర్యలో దానిదే పైచేయి.

అయాను శాంతించినది గదా యని నిరపాయమనుకొనరాదు. నల్లగొండ జిల్లాలో శిలలనుండి బావినీటిలోనికి దిగినది ఫ్లోరిన్ వాయువు కాదు, ఎలెక్ట్రానును పొందిన ఫ్లోరైడు. ఎముకలందు హైడ్రాక్సైడు అయానులుండు చోట, ఇంచుమించు అంతే పరిమాణము గల ఫ్లోరైడు ప్రవేశించును. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి దంతములపై మచ్చలు పడును, కీళ్లు బిగియును, వెన్ను వంగును. కాచిన నీటికి దోషము లేదను మాట సూక్ష్మజీవుల విషయమున చెల్లును గాని అయాను విషయమున చెల్లదు. నీరు ఆవిరియై పోవును, ఫ్లోరైడు పాత్రలోనే నిలుచును. కాచినకొలది దాని పాలు హెచ్చును.

నాగపూరులోని పరిశోధన సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో, నీటిలో సున్నమును పటికను కొలత ప్రకారము కలిపి కలియబెట్టుదురు. పటికలోని అల్యూమినియము మడ్డియై ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైని తేటను వంచుకొని త్రాగవచ్చును. అడుగున నిలిచిన మడ్డిని మాత్రము బావి చెంత పారబోయరాదు.