గంగాసాగర్‌లో ఒరిగిన ఆదివాసీ బిడ్డ
(డిసెంబరు 3న మండల మహాసభలో చేసిన ప్రసంగం)



1971లో ఇదే రోజు రాత్రి లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు ఇంకా నిండలేదు. ఊరు జారి, నేటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆదివాసీ కుటుంబం.

14 గార్డ్స్ బెటాలియన్ గంగాసాగర్ మీద దాడికి దిగింది. అది నేటి బంగ్లాదేశ్. బంకర్లోంచి మెషీన్‌గన్ తోటివాళ్లను కూల్చేస్తుంటే బయొనెట్‌తో దూకి దాని నోరు మూయించాడు. గాయాలతోనే ముందుకు నడిచాడు. మేడ మీది నుంచి ఇంకో గన్ మొదలైంది. పాకుతూ వెళ్లి గ్రెనేడు విసిరి, గోడెక్కి దాన్నీ ఆపాడు. ఆ తర్వాతే ఒరిగిపోయాడు.

పరమవీర చక్ర ఇచ్చారు. రాంచీలో చౌరస్తాకు పేరు పెట్టారు. మనిషిని మాత్రం అగర్తలా దగ్గరే పూడ్చారు. అక్కడి పిడికెడు మట్టి జారికి చేరడానికి నలభై ఏళ్లు దాటింది. అప్పటికి ఆయన భార్య బలమ్‌దీనా ముసలిదైపోయింది. మట్టి విలువ ఈ సభలో ఎవరికి చెప్పాలి!

1965లో శాస్త్రిగారు జవానునూ కిసానునూ ఒకే నినాదంలో కలిపారు. చాలా ఇళ్లల్లో ఆ ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. మన ఊళ్లల్లో సైనిక కుటుంబాలకిచ్చిన అసైన్డ్ భూమి కాగితాల మీదే ఉండిపోతే, సర్వే నంబరుతో నెలాఖరులోగా సంఘం ఆఫీసులో ఇవ్వండి. కలెక్టరేటుకు అందరం కలిసే వెళదాం.