తెర మీద అయిదు, తీగ చివర పది
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

టెస్ట్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిని గనుక సిగ్నల్ జనరేటర్ గురించి చెబుతాను. "అక్కడ కూడా అదేనా?" అంది మా శ్రీమతి. అదే.

మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో జనరేటర్ అంటే ఒక పెద్ద డయల్. తిప్పడం, ఆసిలోస్కోపులో చూడడం, మళ్లీ కాస్త తిప్పడం. తర్వాత కంప్యూటరుతో నడిపేవి వచ్చాయి. పరికరాన్ని కంప్యూటరుకు కలిపే పద్ధతికి 1975లో ప్రమాణం ఏర్పడింది. పరికరానికి ఆజ్ఞలిచ్చే భాషకు 1990లో 'స్కిపి' అనే ప్రమాణం వచ్చింది. సైన్, స్క్వేర్, ట్రయాంగిల్, ర్యాంప్ వంటి మామూలు తరంగాలు పరికరంలో సిద్ధంగానే ఉంటాయి. 'అప్లై, స్క్వేర్, 1000, 5, 2.5' అన్న అర్థం వచ్చేలా ఒక్క వరుస పంపితే చాలు. సెకనుకు వెయ్యిసార్లు, అయిదు వోల్టుల ఎత్తున, రెండున్నర వోల్టులు పైకి జరిగి, సున్నాకూ అయిదుకూ మధ్య ఎగిరే చదరపు తరంగం వస్తుంది. సైన్ తరంగంలో మరో చిక్కుంది. ఒక వోల్టు ఆర్.ఎం.ఎస్. అంటే కొస నుంచి కొసకు 2.83 వోల్టులు. ఈ లెక్కలో ఒక్కసారైనా తప్పు చేయనివాడు మా విభాగంలో లేడు, నాతో సహా.

1997లో ఒక అప్రెంటిస్ కుర్రవాడు సరిగ్గా ఆ చదరపు తరంగమే పెట్టి, అయిదు వోల్టుల మీద నడిచే బోర్డుకు కలిపాడు. ఐ.సి. కాలిపోయింది. ఇంకొకటి పెట్టాడు, అదీ కాలింది. నేను పదిమంది ముందు కేకలేశాను. రిజిస్టరులో 'ఆపరేటరు పొరపాటు' అని రాశాను. "తెర మీద అయిదే ఉంది సార్" అన్నాడు పాపం. వినలేదు.

మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి, తీగను నేరుగా ఆసిలోస్కోపుకు కలిపి చూశాను. పది వోల్టులు!

సంగతేమిటంటే, జనరేటర్ లోపల 50 ఓముల నిరోధం ఉంటుంది. బయట కూడా 50 ఓములే ఉంటాయనుకుని తెర మీద అంకె చూపిస్తుంది. అప్పుడు వోల్టేజి సగం లోపల, సగం బయట పంచుకుంటుంది. లోపల పది పుడితే బయటికి అయిదు వస్తుందన్నమాట. మా బోర్డు ఇన్‌పుట్ నిరోధమేమో లక్షల ఓములు. పంపకం లేదు, పదికి పదీ బోర్డుకే పోయింది. ముందుగా 'అవుట్‌పుట్ లోడ్ ఇన్ఫినిటీ' అని చెప్పి, ఆ తర్వాత వోల్టులు ఇవ్వాలి. లేదా తీగ చివర 50 ఓముల టెర్మినేటర్ తగిలించాలి. పరికరం తప్పు లేదు, మాన్యువల్‌లో ఉన్నదే. ఆ పేజీ అతనికి చెప్పవలసినవాణ్ణి నేను. నేనే చదవలేదు.

రిజిస్టరులో ఆ మాట కొట్టేసి, అసలు కారణం రాసి సంతకం పెట్టాను. కుర్రవాణ్ణి టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లి "తప్పు నాదేనయ్యా" అన్నాను. "ఫరవాలేదు సార్" అన్నాడు. కానీ తిట్టింది పదిమందిలో, ఒప్పుకున్నది ఒంటరిగా. ఆ పదిమందిలో నలుగురైదుగురు ఇవాళ ఈ సభలో ఉన్నారు. అయ్యా, ఆ రోజు తప్పు ఆ అబ్బాయిది కాదు.

సెలవు.