పెద్ద చక్రమా, సరిపోయే చక్రమా?

(స్వర్ణోత్సవాల రెండో రోజున పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు రేసు ట్రాకు మీద కారు నడుపుతావట కదా, దాని గురించి పావుగంట మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. నేను రేసర్ని కాను. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి నాలుగైదుసార్లు నా సొంత కారుతో ట్రాక్ డేకి వెళ్లేవాణ్ణి, అంతే. ట్రాక్ డే అంటే పోటీ కాదు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, మన కారు సంగతీ మన సంగతీ మనం తెలుసుకునే రోజు. చెన్నై-బెంగళూరు రహదారిలో శ్రీపెరుంబుదూరు దగ్గర, ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ ఒక ట్రాకు ఉంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నా చదువు అక్కడ మళ్లీ మొదలైంది.

ఈ బల్ల మీద రెండు చక్రాలు పెట్టాను చూశారా? ఒకటి పెద్దది, తళతళలాడుతోంది. రెండోది చిన్నది, రబ్బరు అరిగిపోయి ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండింటి కథే.

ముందు పెద్దదాని సంగతి. నా కారు మామూలు హ్యాచ్‌బ్యాక్. కంపెనీ ఇచ్చిన టైరు సైజు 185/65 ఆర్15. ట్రాకుకి వెళ్లాలనగానే నాకు తట్టిన మొదటి ఆలోచన, చక్రం పెద్దదైతే పట్టు ఎక్కువ అని. 17 అంగుళాల రిమ్ములు, 215/50 టైర్లు వేయించాను. అపార్ట్‌మెంట్ పిల్లలంతా వచ్చి ఫోటోలు దిగారు. నేనూ దిగాను.

ట్రాకు మీద మూడో చుట్టులో ఒక కుడి మలుపు తిరుగుతుంటే, కారు బరువంతా ఎడమ వైపు ఒరిగి, ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌ని రాసుకుంది. పెద్ద శబ్దం, కాలిన వాసన. భయంతో యాక్సిలరేటర్ మీది నుంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. మలుపు మధ్యలో చేయకూడని పని అదే. బరువు ముందుకు దూకింది, వెనక చక్రాలు తేలికై పట్టు వదిలేశాయి. కారు గిర్రున తిరిగి పక్కనున్న మట్టిలోకి పోయి ఆగింది. దెబ్బలేవీ తగల్లేదు. అక్కడ ఖాళీ జాగా ఉంది కాబట్టి. అదే మన ఊరి రోడ్డయితే అక్కడ చెట్టో, లారీయో, మనిషో ఉండేవాళ్లు.

కారుని లాక్కొచ్చాక, అక్కడి మెకానిక్ ఒకాయన వంగి చూసి తమిళంలో ఒకే మాట అడిగాడు: "సార్, ఈ చక్రాలు ఫోటోకా, మలుపుకా?"

ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఆ లెక్క నాకు ఎనిమిదో తరగతిలోనే ఈ బడిలో నేర్పారు. లెక్కల మాస్టారు గేటు ఎదురుగా ఉన్న మా నాన్న సైకిల్ షాపు నుంచి ఒక చక్రం తెప్పించి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, వరండాలో ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిపించారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

టైరు మీది అంకెల్లో ఆ లెక్కంతా ఉంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, అంటే 381 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం వ్యాసం 621 పైచిలుకు. నేను వేయించిన 215/50 ఆర్17 వ్యాసం ఎంతో తెలుసా? దాదాపు 647. నాలుగు శాతం ఎక్కువ. ఒక్కో చుట్టుకి ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ దొర్లుతుంది.

దానివల్ల ఏమవుతుంది? స్పీడోమీటరు లెక్క నాలుగు శాతం తప్పుతుంది. ప్రతి గేరూ బరువెక్కి, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇంజను ఈడుస్తుంది. ఇక టైరు తిరగాల్సిన జాగా చాలదు, అదే నన్ను మట్టిలోకి తోసింది. మాస్టారు కొలిపించిన చుట్టుకొలత నేను ఒక్కసారి వేసుకుని ఉంటే ఆ డబ్బూ, ఆ భయమూ రెండూ మిగిలేవి.

ఇక చిన్న చక్రం. ఇది 195/60 ఆర్15. వ్యాసం 615, పాతదానికి ఒక్క శాతం తేడా. కిరాణా కొట్టు కాటా మీద తూస్తే పెద్ద చక్రం టైరుతో సహా 21 కిలోలు, ఇది 15. నాలుగింటికి 24 కిలోలు. ఈ బరువు డిక్కీలో పెట్టిన బియ్యం బస్తా లాంటిది కాదు. స్ప్రింగుల కింద ఉంటుంది, పైగా తిరుగుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఎగిరి నేల వదిలేది ఇదే, బ్రేకు వేసినప్పుడల్లా ఆపాల్సిందీ దీన్నే.

నాకు అర్థమైన వరుస ఇది. మొదట, బ్రేకుల మీద ఇబ్బంది లేకుండా కూర్చునే రిమ్ముల్లో చిన్నది, తేలికైనది చూసుకోండి. రెండోది, మొత్తం వ్యాసం కంపెనీ ఇచ్చినదానికి ఒకటి రెండు శాతం దాటనీయొద్దు. మూడోది, టైరు వెడల్పుకి తగ్గ రిమ్ము వెడల్పు ఉండాలి. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు వేస్తే మలుపులో టైరు పక్కకి వాలిపోతుంది. నాలుగోది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్య గీతకీ అది హబ్బుకి ఆనే చోటుకీ మధ్య దూరం. అది బాగా మారితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, బేరింగు మీద భారం పడుతుంది, స్టీరింగు గుంజుతుంది. ఐదోది, సైజు పక్కనుండే చిన్న అంకె, అక్షరం. 88 హెచ్ అంటే ఆ టైరు 560 కిలోలు మోస్తుంది, గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది. కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు.

ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బు రబ్బరు మీద పెట్టండి, రిమ్ము మెరుపు మీద కాదు. కారుని నేలకి పట్టి ఉంచేది నాలుగు అరచేతులంత రబ్బరు. పక్క గోడ మీద నాలుగంకెల్లో తయారీ తేదీ ఉంటుంది. 3223 అంటే 2023లో 32వ వారం. సగం ధరకి దొరికిందని ఆరేళ్ల టైరుతో ట్రాకుకి వెళ్లకండి.

పెద్ద చక్రమే వేగమనుకునే తమ్ముళ్లకి ఒక మాట. ఫార్ములా వన్ కార్లు 2021 దాకా 13 అంగుళాల రిమ్ముల మీదే పరుగెత్తాయి. నిబంధనలు మారి 2022లో 18కి వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. వాటివీ 18 అంగుళాలే. కానీ ఆ కారుని మొదటి నుంచీ ఆ చక్రం కోసమే గీశారు. మన కారుని ఎవరో వేరే చక్రం కోసం గీశారు. తేడా అక్కడుంది.

చివరగా గాలి. మా నాన్నకి చదువు లేదు. ఏ సైకిలు వచ్చినా, ఏ జబ్బని వచ్చినా, "ముందు గాలి చూడరా" అనేవాడు. ట్రాకు మీద టైరు వేడెక్కి, చల్లగా ఉన్నప్పుడు 32 ఉన్న గాలి నాలుగు చుట్లలో 38కి పోతుంది. పట్టు తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ లోపలికి రాగానే, వేడి మీదే, నాలుగు టైర్లూ కొలిచి పుస్తకంలో రాసుకుంటాను, తీయాల్సినంత తీస్తాను. సాయంత్రం టైర్లు చల్లారాక రోడ్డుకి కావలసినంత మళ్లీ పట్టించుకుని గానీ ఇంటిదారి పట్టను. ఈ ఆఖరి మాట మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

నిన్న నా క్లాస్‌మేట్ ఒకడు వాళ్లబ్బాయిని తీసుకొచ్చాడు. "బాబాయ్, మా కారుకి 18 వేయిద్దామనుకుంటున్నా, బైపాస్ మీద అదిరిపోతుంది" అన్నాడు ఆ పిల్లాడు. నేను కోప్పడలేదు, ఆ వయసు వాణ్ణి కాకపోయినా నేనూ అదే చేశాను. ఒక కాగితం ఇచ్చి, వ్యాసం లెక్కగట్టి తెమ్మన్నాను. ఈ ఉదయం తెచ్చాడు. తనే సైజు తగ్గించుకున్నాడు. వేగం చూడాలనుంటే బైపాస్ మీద కాదు, నాతో ట్రాకుకి రమ్మన్నాను. వస్తానన్నాడు.

ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఈ రెండు చక్రాలూ బడికి ఇచ్చేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు వరండాలో దొర్లించి కొలుచుకోవాలి. ఏది ఎంత దూరం పోయిందో, ఎందుకు పోయిందో వాళ్లే చెప్పాలి. మా నాన్న షాపు ఇప్పుడు లేదు. చక్రం మాత్రం గేటు దాటి మళ్లీ లోపలికి వచ్చింది.

ఇంటికెళ్లే ముందు అందరూ ఒకసారి గాలి చూసుకోండి.