గడువు దాటిన ప్రవాసము

(బాటసింగారమున జరిగిన స్మారకసభలో చేసిన ఉపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము మనమీనాడిచట సమావేశమైతిమో ఆ మాస్టారుగారు ఈ పరిసర గ్రామముల బాలురకు చిరకాలము భూగోళశాస్త్రము బోధించినవారు. ఆయన నల్లబల్లపై గీచి చూపిన సరిహద్దులన్నియు నదులవెంట, కొండలవెంట సాగునవి. నేను నేడు ముచ్చటింపదలచిన సరిహద్దు ఏ పటమునకును ఎక్కదు. అది తేదీలలో గీయబడినది. పరదేశ ప్రభుత్వము స్వయముగా ముద్రవేసి లోనికి రానిచ్చిన మనుజుడు, ఆ ముద్రలోని గడువు తీరిన మరునాటి ఉదయమున, నిద్రించిన గదిలోనే, అడుగు కదల్పకయే అపరాధియై మేల్కొనుచున్నాడు. దొంగదారిని కంచె దాటి వచ్చినవాని కథ వేరు. వాకిట పిలువబడి వచ్చి, పోక నిలిచిపోయినవాని కథ వేరు. మన తెలుగువారి ప్రవాసచరిత్రలో రెండవ కథయే పెద్దది. దానిని ఆమూలముగా పరిశీలించినచో, గడువు దాటుట ఆ యొక్కని తప్పు మాత్రమే కాదనియు, ఆ గడువును తన చేతనుంచుకొన్న యజమానియో, కళాశాలయో, దళారియో, ప్రభుత్వమో అందు భాగస్వామి యనియు తేటపడును. ఈ యుపన్యాసమున నేను నిరూపింపదలచినది ఇంతమాత్రమే.

ఈ గ్రామమునకు ఈ ప్రసంగముతో నేమి పనియని కొందరికి తోచవచ్చును. గడ్డిఅన్నారమునుండి పండ్ల మార్కెట్టు తరలివచ్చిన పిమ్మట బాటసింగారము పేరు నగరమంతట వినబడుచున్నది. కాని విజయవాడ రహదారిపై ఈ యూరిమీదుగా సాగునది బత్తాయి, మామిడి లారీలు మాత్రమే కాదు. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా జిల్లాల యువతీయువకులు ఈ దారినే వచ్చి ఎల్.బి. నగరులో బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో చేరి, కోచింగు ముగించి, కన్సల్టెన్సీల మెట్లెక్కి, కొలదికాలములోనే శంషాబాదున విమానమెక్కుచున్నారు.

వీసాయను మాట మన తాతలకు తెలియదు. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఓడయెక్కిన కూలీలు రంగూనులో మూటలు మోయుటకు, రిక్షా లాగుటకు, వరిమిల్లులలో పనిచేయుటకు పోయినపుడు వారిని అడ్డగించి పత్రము చూపుమన్నవాడు లేడు. ఏలయన బర్మా నాడు బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రము. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మీయులకును నడుమ ఘోరమైన దొమ్మీ చెలరేగినను, వారిని పరదేశీయులని చట్టము పలుకలేదు. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరుపడెను. 1941లో వలసను పత్రబద్ధము చేయుటకు ఉభయ ప్రభుత్వములును ఒడంబడికకు వచ్చినవి; మరుసటి యేట జపాను సేనలు ప్రవేశించుటతో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తరలిరి. యుద్ధానంతరము అచట మిగిలినవారిలో ననేకులు స్వతంత్ర బర్మాలో విదేశీయులుగా పేరు నమోదు చేయించుకొనవలసివచ్చెను. ఒకే వీధిలో ఇరువది, ముప్పది యేండ్లు కాపురమున్నవాడు వీధి మారకయే పరదేశి యయ్యెను. 1960ల దశకమున దుకాణములు, వ్యాపారములు జాతీయము కాగా తిరిగివచ్చిన కుటుంబములు విశాఖపట్టణమున కంచరపాలెము చెంత తలదాచుకొన్న తావు నేటికిని బర్మా క్యాంపు అను పేరనే నిలిచియున్నది.

హైదరాబాదు రాజ్యమునందును ఇట్టి చరిత్రయే మరియొక రూపమున జరిగినది. దేశవిభజనానంతరము 1948 జూలైలో భారతప్రభుత్వము పశ్చిమ పాకిస్తానమునుండి వచ్చువారికి పర్మిట్టు పద్ధతిని విధించెను. 1952 అక్టోబరులో పాసుపోర్టు, వీసాల పద్ధతి అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరములలో పాకిస్తానమునకు పోయి, అచటి పాసుపోర్టుతో నెలల గడువుగల వీసాపై స్వస్థలమునకు వచ్చి, గడువు తీరినను తమవారి నడుమనే నిలిచిపోయినవారిని విదేశీయులుగా నెంచి పోలీసులు వెళ్లిపొమ్మని ఉత్తరువులిచ్చిరి. వారు న్యాయస్థానములకెక్కిరి. 1946 నాటి విదేశీయుల చట్టములోని నిర్వచనమును 1957లో సవరించువరకును అట్టివారు చట్టదృష్టిలో పూర్తిగా విదేశీయులు కాకపోవుట ఒక చిక్కు. వారి పౌరసత్వము నిజముగా పోయినదా యనునది అంతకు మించిన చిక్కు. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక పక్షముగా నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పరదేశపు పాసుపోర్టు చేతనున్నదన్న కారణముననే రాష్ట్రప్రభుత్వము ఒకనిని వెళ్లగొట్టరాదనియు, 1955 నాటి పౌరసత్వ చట్టము 9వ సెక్షను ననుసరించి కేంద్రప్రభుత్వము విచారించి తేల్చిన పిమ్మటనే అది సాధ్యమనియు తీర్పు చెప్పెను. గడువు తీరినదని చెప్పుటకు పంచాంగము చాలును. అది ఎవనికి వర్తించునో తేల్చుటకు న్యాయవిచారణ కావలయును.

1973 తరువాత చమురుధర హెచ్చి గల్ఫు దేశములలో నిర్మాణములు పెల్లుబికినపుడు కరీంనగరము, నిజామాబాదు జిల్లాల రైతుబిడ్డలు దుబాయికిని, సౌదీకిని, మస్కటుకును, కడప, గోదావరి జిల్లాల స్త్రీపురుషులు కువైటునకును సాగిపోయిరి. అచటి ద్వారరక్షణలో లోపము కలదని ఎవరును అనజాలరు. కనుపాపల గుర్తులు సైతము ఈ శతాబ్ది ఆరంభముననే తీసికొన్న దేశములవి. అయినను గడువు దాటినవారు లక్షల సంఖ్యలో అచట పోగుపడుచునే యున్నారు. కారణము గుమ్మమున లేదు, కఫీలు చేతిలో నున్నది. కార్మికుని నివాసహక్కు అతనిపై గాక, అతనిని పిలిపించిన యజమానియగు కఫీలుపై ఆధారపడి నిలుచును. నివాసపత్రమగు అకామాను రెన్యూవలు చేయవలసినవాడు ఆ కఫీలే. పాసుపోర్టు తరచుగా ఆతని బీరువాలోనే యుండును. జీతమడిగిన పనివాడు పారిపోయినాడని ఆతడు హురూబు అను ఫిర్యాదు పెట్టినచో, ఆ పనివాడు చట్టవిరుద్ధుడు. ఇక ఆజాద్ వీసా యనునది మరియొక చిక్కు. ఊరి ఏజెంటు అప్పుచేయించి అంటగట్టిన ఆ వీసాలో కఫీలు పేరుండును, పని యుండదు. పని వేరొకచోట వెదకుకొని, ఏటేట కఫీలునకు ముడుపు చెల్లించినంతకాలము అది చెల్లును, చెల్లింపనినాడు అతడు ఖల్లివెల్లి, అనగా పత్రములు లేనివాడు. అట్టివాడు జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవెరచును, తన పేర బ్యాంకులో డబ్బు పంపజాలడు, తండ్రి పోయినను ఇంటికి రాజాలడు. వచ్చుటకును దేశము విడుచు అనుమతిపత్రమగు ఔట్‌పాసు కావలయును, పేరుకొనిన జరిమానా తీరవలయును.

ఈ చిక్కును విప్పుటకు ఆ ప్రభుత్వములు కనుగొన్న సాధనము ఆమ్నెస్టీ, అనగా క్షమాభిక్ష. ఎమిరేట్సులో 1996, 2003, 2007, 2018, 2024 సంవత్సరములలోను, సౌదీ అరేబియాలో స్వదేశీయులకు ఉద్యోగభాగము నిర్ణయించిన నితాఖాత్ నిబంధనల వెంబడి 2013లోను, మరల 2017లోను, కువైటులో 2018, 2020, 2024లోను జరిమానాలు మాఫీచేసి పొండని ద్వారములు తెరచిరి. ప్రతిమారును మనవారు వేలాదిగా భారత రాయబార కార్యాలయముల ముంగిట బారులు తీరిరి. క్షమాభిక్ష ఒక్కమారు పెట్టిన దానిని కరుణ యనవచ్చును. కొన్నియేండ్లకొకమారు పెట్టవలసివచ్చెనేని, తప్పును పుట్టించు యంత్రము ఆగక తిరుగుచున్నదనియే గ్రహింపవలెను. మన పక్షమున 1983 నాటి ఎమిగ్రేషను చట్టము క్రింద, పదవతరగతి గట్టెక్కనివారు కొన్ని దేశములకు పనికై పోవునపుడు ప్రొటెక్టరు అను అధికారి అనుమతి పొందవలెనను నియమము కలదు. విజిట్ వీసాపై పోవువానికి ఆ తనిఖీ లేనందున, దళారులు ఆ తలుపునే రాచబాట చేసికొనిరి.

అమెరికా విషయమున గడువు మరియొకరి చేతికి మారినది. కళాశాల యిచ్చు ఐ-20 పత్రము ఇక్కడి విద్యార్థులకు చిరపరిచితము. కాని పాసుపోర్టులో నంటించు వీసా గుమ్మముకడ నిలిచి అడుగుటకు మాత్రమే పనికివచ్చుననియు, ఎంతకాలముండవచ్చునో చెప్పునది ప్రవేశమును నమోదుచేయు ఐ-94 అనియు ఎందరెరుగుదురు? యాత్రికుని ఐ-94లో తేదీ యుండును. విద్యార్థి దానిలో ఇన్నాళ్లును తేదీకి బదులు డి/ఎస్ అను రెండక్షరములుండుచున్నవి. అనగా చదువు సక్రమముగా సాగినంతకాలము నివాసము సక్రమము, చదువు సాగుచున్నదని చెప్పవలసినది కళాశాల. 1993లో న్యూయార్కు వర్తకకేంద్రమున బాంబు పేల్చినవారిలో నొకడు విద్యార్థి వీసాపై వచ్చి చదువు మానినవాడని తేలిన పిమ్మట, 1996 నాటి చట్టము విద్యార్థుల జాడ నరయవలెనని ఆదేశించెను. అది చాలకాలము కాగితముననే యుండెను. 2001 సెప్టెంబరు ఘాతుకమునకు సరిగా ఆరునెలల పిమ్మట, అందు చనిపోయిన హంతకులలో ఇద్దరికి విద్యార్థి హోదా మంజూరైనదను పత్రములు వారు చేరిన ఫ్లోరిడా విమానశిక్షణాలయమునకు తపాలాలో చేరినవి. ఆ తలవంపు పిమ్మటనే సెవిస్ అను కంప్యూటరు పద్ధతి 2003లో అనివార్యమైనది.

అయినను ఆ పద్ధతి కళాశాల చెప్పినదానినే నమ్మునది. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమున విద్యార్థులలో సగమునకు మించినవారు ఒకే అపార్టుమెంటులో కాపురమున్నట్లు లెక్క చూపబడినను, 2011 జనవరిలో దాడి జరుగువరకు దాని గుర్తింపు నిలిచెను. అందు చదివినవారిలో అధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియో కడియములు తొడిగిరి. విద్యాలయాధిపతికి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడెను. ఆ పాఠము మనవారికి అంటలేదు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర ప్రభుత్వాధికారులే వల పన్నగా, 2019 జనవరిలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో మనవారు పెక్కురు. ప్రభుత్వము తానే కళాశాలయై నటించుట ధర్మమా యని వాదింపవచ్చును. తరగతులు లేని కళాశాలకు ఫీజు కట్టుట చదువా యని మనల నడిగిన ఉత్తరము లేదు. గడువు దాటిన ఫలము కఠినము: అక్రమనివాసము నూటయెనుబది దినములకు మించి వెళ్లినవానికి మూడేండ్లు, ఏడాది నిండినవానికి పదేండ్లు ఆ దేశపు ద్వారము మూతపడును.

సరిహద్దురక్షణలోని అసలు లోపము పోవువారిని లెక్కింపకపోవుటయందే కలదు. మార్కెట్టు గేటువద్ద లోనికి వచ్చు లారీకి చీటీ వ్రాసి, వెలుపలికి పోవు లారీని చూడక వదలిన గుమాస్తా, సాయంత్రమునకు లోపల ఎన్ని లారీలున్నవో చెప్పజాలడు. బ్రిటను 1990లలో నిష్క్రమణ తనిఖీలను మానివేసి, మరల 2015లో ఆరంభింపవలసివచ్చెను. అమెరికా 1996లోనే రాకపోకల లెక్కను చట్టమున వ్రాసికొన్నను, భూసరిహద్దులలో పోకల లెక్క నేటికిని అసమగ్రమే. 2023 ఆర్థిక సంవత్సరమున ఆ ప్రభుత్వము ప్రకటించిన లెక్కనుబట్టి విమానములలో, ఓడలలో వచ్చి వెడలిపోవలసిన సుమారు 3 కోట్ల 90 లక్షల ప్రవేశములలో 5 లక్షల 65 వేలు, అనగా 1.45 శాతము, గడువు దాటినవి. శాతము స్వల్పము, కాని ఆ స్వల్పమును చూపియే రేపు వీసా కిటికీకడ నిలుచు నిరపరాధిని తిరస్కరింతురు. గడువు దాటినవాని పట్ల జాలి చూపుడని కోరు మనము ఈ అన్యాయమును గూడ మరువరాదు.

మన గుమ్మమును మనము చూచుకొనుటయు ధర్మము. విదేశీయుల రాకపోకలకు సంబంధించిన 1920, 1939, 1946 సంవత్సరముల చట్టములను రద్దుచేసి 2025 సెప్టెంబరు 1 నుండి అమలైన నూతన చట్టము, గడువు దాటిన విదేశీయునకు మూడేండ్లవరకు శిక్ష విధించుచు, విదేశీయులకు ఆశ్రయమిచ్చు హోటళ్లను, చదువు చెప్పు విద్యాసంస్థలను సమాచారమీయవలెనని బద్ధులను చేసినది. మన నగరమున చదువ వచ్చిన ఆఫ్రికా విద్యార్థి గడువు దాటినపుడు, గల్ఫులో మనవాని కొరకు మనమడుగు ప్రశ్నలనే అతని కొరకును అడుగవలెను: ఫీజు తీసికొన్న కళాశాల రెన్యూవలునకు కాగితము సకాలమున నిచ్చినదా, అద్దె తీసికొన్న యజమాని పత్రము నింపెనా?

కనుక నా మనవి మూడు మాటలలో ముగియును. వచ్చువారినే గాక పోవువారిని గూడ లెక్కింపని ప్రభుత్వము గోడలు కట్టి ప్రయోజనము లేదు. గడువును తమ చేతనుంచుకొన్న కఫీలు, కళాశాల, ఏజెంటు తమ బాధ్యతను ఎగవేసినపుడు, గడువు దాటినవానికంటె ముందుగా వారికి శిక్ష పడవలెను. అట్టి పక్షమున ఆమ్నెస్టీల యవసరము చాలవరకు తగ్గును. మూడవది మన పిల్లలకు చెప్పవలసినది: విదేశమునకు పోవువాడు జీతమెంత, ఫీజెంత యని అడుగుటకు మునుపు, నేనచట నిలుచు హక్కు ఎవరి సంతకముపై ఆధారపడియున్నది, ఆ సంతకము రానినాడు నాకు గతియేమి యని అడిగి, ఉత్తరము వ్రాతపూర్వకముగా పొందవలెను. ఆ ఉత్తరము చెప్పలేని కన్సల్టెన్సీ మెట్లు దిగివచ్చినవాడు నష్టపోడు.