పసివారి ఎముకల కంతులు – ఎక్స్‌రే పటం చెప్పే సంగతులు



బడి పిల్లవాడు మోకాలు నొప్పి అంటే ఇంట్లో పెద్దలు ఎదుగుదల నొప్పి అంటారు, లేదా ఆటలో దెబ్బ తగిలిందంటారు. చాలావరకు అది నిజమే. ఎదుగుదల నొప్పి సాధారణంగా రెండు కాళ్ళలోనూ వస్తుంది. రాత్రి బాధించి, తెల్లవారేసరికి పోతుంది. ఒకే కాలిలో, ఒకే చోట, వారాల తరబడి నిలిచి, నిద్రలో లేపే నొప్పి వేరు. దానికి వాపు, కుంటు తోడైతే తైలమర్దనంతో కాలం గడపరాదు.

1895లో జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జన్ పండితుడు ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరంతో సహా, పటంగా తీశాడు. ఎన్ని ఖరీదైన యంత్రాలు వచ్చినా ఎముక కంతి విచారణలో నేటికీ తొలిమెట్టు ఆ సాదా పటమే.

ఆస్టియోసార్కోమా అనే దుష్టకంతి ఎక్కువగా మోకాటి చుట్టూ, ఎముక పెరిగే కొనల వద్ద పుడుతుంది. కంతి ఎముక మీది పొరను పైకి లేపినప్పుడు కొత్త ఎముక సూర్యకిరణాల వలె చిమ్ముకొని కనబడుతుంది. పొర లేచిన అంచున ఏర్పడే ముక్కోణానికి అమెరికా శస్త్రవైద్యుడు కాడ్మన్ పేరు నిలిచింది. 1921లో జేమ్స్ యూయింగ్ వర్ణించిన మరొక కంతిలో ఆ పొర ఉల్లిపొరల వలె వరుసలు కడుతుంది. వంటింట్లో రోజూ చూసే ఉల్లిపాయే వైద్యునికి ఉపమానమైంది! అయితే ఈ వ్యాధిలో జ్వరం కూడా రావచ్చు. ఎముకకు చీము పట్టినప్పుడూ పటం ఇలాగే ఉండవచ్చు. కాబట్టి పటం అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. ముక్క పరీక్షే నిర్ధారిస్తుంది.

కండరాల్లో పుట్టే రాబ్డోమయోసార్కోమా వంటివి ఎక్స్‌రేలో అంతగా కనబడవు. వాటికి ముందు అల్ట్రాసౌండు, పిదప ఎమ్మారై చేస్తారు. ఈ రెండింటిలో ఎక్స్ కిరణాలు ఉండవు. ఎమ్మారైలో కదలక పడుకోవాలి గనుక చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. దానికి తల్లి బెదరనవసరం లేదు. ఊపిరితిత్తులకు పాకిందేమో చూడడానికి ఛాతీకి సీటీ తీస్తారు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. గడ్డే కదా అని దగ్గరి ఆసుపత్రిలో కోయించేస్తారు. ముక్క తీసిన దారిలో దుష్టకణాలు మిగలవచ్చు. తరువాతి శస్త్రచికిత్సలో ఆ దారిని కూడా తొలగించాలి. అందుచేత ఎమ్మారై ముందు, ముక్క తీయడం తరువాత. అదీ అసలు శస్త్రచికిత్స చేయబోయే వైద్యబృందమే చేయాలి. క్రమం తప్పితే నిలువగల కాలు కూడా పోవచ్చు. నేడు మందులతో కంతిని అణచి, కాలు తీయకుండానే ఎముక భాగాన్ని మార్చడం ఎందరికో సాధ్యమవుతున్నది.

మరొక మాట. తొలి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ చూపించాలి. పాత పటాలను మడవక, తేదీ వేసిన కవరులో దాచి, వెళ్ళిన ప్రతిసారీ వెంట తీసుకుపోవాలి. రెండు పటాలను పక్కపక్కన పెట్టినప్పుడు కనబడే తేడా ఒక్కోసారి ఒక్క పటంలో దొరకదు.