చెప్పే హక్కు వారిది, కాపాడే బాధ్యత మనది
(ఆమడగూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైనారిటీ హక్కులంటే వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు మాత్రమే కావు. తల్లి నుంచి సంక్రమించిన హెచ్‌ఐవీతో పుట్టి, మన మధ్యనే మౌనంగా పెరిగిన యువతీయువకుల హక్కులు కూడా వాటిలో భాగమే.

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ చికిత్సను ప్రారంభించింది. ఆ మందులతో నిలిచిన పసిపిల్లలు నేడు ఇరవై ఏళ్లు దాటినవారు. ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, ఇళ్లలో సంబంధాలు చూస్తున్నారు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న ప్రశ్న వారిని వేధిస్తున్నది. వారు నోరు విప్పితే తమ గుట్టే కాదు, తల్లిదండ్రుల గుట్టు కూడా బయటపడుతుంది. అందుకే ఆ మౌనం అంత బరువైనది.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప, తమ స్థితిని వెల్లడించమని ఎవరినీ బలవంతం చేయరాదు. ఉద్యోగానికి, చదువుకు హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టరాదు.

నికాహ్ విషయం వేరు. జీవితం పంచుకోబోయే వ్యక్తికి ముందే తెలియాలి; అది అమానతు. భాగస్వామికి సోకకుండా జాగ్రత్తపడే బాధ్యతను చట్టమూ విధించింది, హింస జరుగుతుందన్న భయం ఉన్న స్త్రీలకు మినహాయింపునూ ఇచ్చింది. అయితే చెప్పవలసింది ఆ ఒక్కరికే గాని మొహల్లా అంతటికీ కాదు. మధ్యవర్తి నోట చెప్పించడం అసలే తగదు.

తల్లిదండ్రులు మొదట తామే బిడ్డతో నిజం మాట్లాడాలి. ఎప్పుడు చెప్పాలో, ఏ మాటలతో చెప్పాలో నిర్ణయం బిడ్డకే వదలాలి. ఇద్దరూ ఇష్టపడితే కలిసి కౌన్సెలర్ వద్దకు వెళ్లవచ్చు. మన జిల్లాలోనే బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి నిలిచినవారి నుంచి లైంగికంగా భాగస్వామికి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. చికిత్స లేకుంటే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45. సక్రమమైన చికిత్సతో అది 5 కంటే తక్కువ.

నిజం విన్న తరువాత సంబంధం వద్దనుకునే స్వేచ్ఛ అవతలివారికి ఉంది. విన్న మాటను ఊరిలో చాటే స్వేచ్ఛ మాత్రం లేదు. ఒక్క ఇంట గుట్టు రట్టయితే పది ఇళ్లలో పిల్లలు నోరు మూసుకుంటారు, కొందరు మందులకు వెళ్లడమూ మానేస్తారు. కనుక జమాఅత్ పెద్దలకు మా మనవి: ఈ బిడ్డల పేర్లు అడగవద్దు, ఎవరైనా చెప్పబోతే ఆపండి. వారు తమంతట తాము మీ వద్దకు వచ్చిననాడు ఓపికగా వినండి.