రెండో వరస పాట: రేలను నిర్వచించడం ఎలా?

భద్రాచలం అడవి అంచున పాట గురించి మాట్లాడాలంటే మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారిని తలచుకోకుండా మొదలుపెట్టలేం. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ గానం చేసిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. డోలివాళ్ళ పాటకు కథ ఉంది, వంశావళి ఉంది, చేతిలో పడిగె అనే బొమ్మల పటం ఉంది. దాన్ని ఫలానా అని చెప్పడం తేలిక. కోయ ఆడవాళ్ళ రేల పాట దగ్గరికి వచ్చేసరికే మనం తడబడతాం. నా వాదన ఒక్కటే: రేలను రేలగా నిలబెట్టేది పాట ఎత్తుకునే గొంతు కాదు, అందుకునే వరస.

పాట సాగే తీరు చూడండి. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని రెండు జట్లుగా నిలబడతారు. ఒక జట్టు చరణం ఎత్తుకుంటే రెండోది దాన్ని తిరిగి పాడుతుంది. నడుమ నడుమ అందరూ కలిసి ‘రేల’ అంటారు. డోళ్ళు మోగేది కొమ్ము నృత్యంలో, మగవాళ్ళ చేతుల్లో. రేలకు చాలాచోట్ల పాదాలే తాళం. విత్తనాల పండగ విజ్జ పండుం నాడు మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డం నిలబడి రేల పాడి వచ్చేపోయే బళ్ళవాళ్ళను డబ్బులడుగుతారు. అప్పుడు ఎదురుగా ఉన్నవాణ్ణి బట్టి మాట కట్టాలి. రెండో జట్టు పాడుతున్నంతసేపే మొదటి జట్టుకు ఊపిరి, తరువాతి చరణానికి వ్యవధి. అర్థం లేదనుకునే ‘రేల’ అన్న ఆ రెండక్షరాలే పాటకు పట్టుగొమ్మ. రామదాసు కీర్తన భజనలో తిరిగి పలికేవాళ్ళు కీర్తనకారుడి మాటనే పలుకుతారు. రేలలో తరువాతి మాట ఇంకా పుట్టలేదు, పుట్టడానికి చోటిస్తున్నారు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. అమెరికా నగరాల్లో నల్లజాతి కుర్రాళ్ళు వీధి మలుపుల్లో, గొంతు మారుమోగే మెట్ల దారుల్లో వాద్యాలు లేకుండా పాడుకున్నారు. ఒకడు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు ఉత్తుత్తి అక్షరాలతో బేస్, బాకా, తాళం తామే అయ్యారు. ‘ది కార్డ్స్’ బృందం పాడిన ‘ష్-బూమ్’ 1954లో దేశమంతా మోగింది. ఆ సంగీతానికి ‘డూ-వాప్’ అన్న పేరు స్థిరపడింది మాత్రం తరువాతెప్పుడో, 1960ల్లో. పాటను వంతపాట అక్షరాలతో పిలవడం మనకేం కొత్త? బుర్రకథ తందాన కథ అయింది; దంపుడు పాట సువ్వి పాట అయింది. ఈ పేర్లు పెట్టిన జనం, పాటలో బరువు ఎక్కడుందో లాక్షణికుల కన్నా ముందే కనిపెట్టారనిపిస్తుంది.

డూ-వాప్‌లో నాలుగైదు గొంతులు వేరువేరు స్వరాలు పట్టి ఒకే శ్రుతిలో కలుస్తాయి, రేలలో అందరిదీ ఒకే వరుస కదా అనవచ్చు. నిజమే. స్వరమేళనం దృష్టితో రెండూ చుట్టాలు కావు, అలా చూపబోతే రేలకే అన్యాయం. నేను పోలుస్తున్నది రాగాన్ని కాదు, పని పంపకాన్ని. మరొకరు రేల అంటే పసుపు పూల చెట్టు, అర్థంలేని మాట ఎలా అవుతుందంటారు. ఉయ్యాల అర్థమూ మనకు తెలుసు. అయినా బతుకమ్మ చుట్టూ ‘ఉయ్యాలో’ అనే ఆడవాళ్ళు ఊగే ఉయ్యాలను తలచుకుని అనరు. మాట పుట్టుక వేరు, పాటలో అది చేసే చాకిరీ వేరు.

గట్టి ఆక్షేపణ మూడోది. ఉద్యమ పాటలు రేలను వాడుకున్నాయి, టీవీ కార్యక్రమానికి ‘రేలా రే రేలా’ అని పేరుపెట్టారు, అవన్నీ రేలేనా? వాటి మంచిచెడ్డలు నాకు ప్రధానం కాదు. ఒక పరీక్ష చాలు: ‘రేల’ను తీసేసి పాడి చూడండి. వేదిక మీది పాట కాస్త వెలవెలబోయినా సాగుతుంది. రోడ్డు మీది పాట ఆగిపోతుంది.

అందుకే మన సంకలనాల అలవాటు నాకు నచ్చదు. పల్లవిని ఒకసారి అచ్చువేసి, ఆపైన రెండు నిలువు గీతల మధ్య ‘రే’ అని ముగిస్తారు. కాగితం పొదుపే, కానీ పోయింది రెండో వరసంతా. ఈ పాటల ఊళ్ళు కూడా విడిపోయాయి: 2014లో రాష్ట్రాల సరిహద్దు మారి చింతూరు, కూనవరం (రామచంద్రయ్యగారి ఊరు కాదు), వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రలోకి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఇకమీదట ఏ పక్కన పాట సేకరించినా ఎవరు ఎత్తుకున్నారో, ఎందరు అందుకున్నారో, చరణానికీ చరణానికీ నడుమ ఎన్నిసార్లు ‘రేల’ అన్నారో లెక్కపెట్టి మొత్తం రాయండి.